గళ్లలో ఎవడి రాత

"ఇది రాసినోడు ఎవడే?"

గ్రేసు అప్పుడు చపాతీ పిండి పిసుకుతోంది. మోచేతుల దాకా పిండే. తలెత్తి చూస్తే వంటింటి గడపకు అవతల మొగుడు షాలేమ్‌రాజు నిలబడి ఉన్నాడు. గడప దాటి ఇవతలికి రావడం ఆయనకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు లేదు. మంచినీళ్లు కావాలన్నా, అగ్గిపెట్టె కావాలన్నా అక్కడే నిలబడి చెయ్యి చాస్తాడు. అది గడప కాదు, రెండు దేశాల మధ్య సరిహద్దు అనుకోండి. ఆ సరిహద్దుకు అవతల నిలబడి, నూనె కారుతున్న పేపరు ముక్కనొకదాన్ని చచ్చిన బల్లిని తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి చూపిస్తున్నాడు.

జరిగిందేమిటంటే, ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ వస్తూ ఆయన హీరాలాల్ బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాడు. ఖానాపురం హవేలీలో పాత పేపర్లన్నీ చివరికి చేరేది ఆ బండికే. పెద్ద పెద్ద ఉపన్యాసాలు, పెళ్లికొడుకులు కావలెనన్న ప్రకటనలు, అన్నీ అక్కడ నూనె పీల్చుకుని జన్మ చాలించుకుంటాయి. బజ్జీలు తిని చెయ్యి తుడుచుకుందామని పొట్లం కాగితం చాపితే పేపరు పైమూల ఎర్రసిరాతో "షా.రా." అని కనిపించింది. అది తాను పెట్టిన గుర్తే. పక్క పోర్షన్‌లో ఉండే బసవపున్నయ్య పేపరు తీసుకుపోయి తిరిగివ్వడం మరిచిపోతాడని, పొద్దున్నే పేపరు రాగానే ముందు ఆ అక్షరాలు గీకి, ఆ తర్వాతే వార్తల్లోకి దిగుతాడు. మన పేపరే మనకు బజ్జీలు మోసుకొచ్చిందే అని నవ్వబోయి కిందికి చూశాడు. గళ్ల పజిల్. ఒక్క గడి ఖాళీ లేదు. అడ్డం పదాలు, నిలువు పదాలు అన్నీ నిండుగా కూర్చుని ఉన్నాయి.

ఆయన జన్మలో పజిల్ ముట్టిన మనిషి కాదు. తల్లి జోజమ్మకు అక్షరం ముక్క రాదు. కూతురు కొత్తగూడెంలో నర్సింగు హాస్టల్లో ఉంది. ఆయన లెక్క ప్రకారం ఇంట్లో ఇక మనుషులెవరూ లేరు. మరి రాసిందెవడు?

"నేనే" అంది గ్రేసు పిండి పిసుకుతూనే.

షాలేమ్‌రాజు నవ్వాడు. నవ్వాడంటే మామూలుగా కాదు. ముందు గదిలో మంచం మీద కునుకు తీస్తున్న జోజమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"ఏందిరా అంత నవ్వు?"

"నీ కోడలు పజిల్ నింపిందంటనే అమ్మా!"

"పజిలంటే ఏంది?"

"తెలివిగలోళ్లు ఆడేదిలే." మళ్లీ భార్య వైపు తిరిగాడు. "ఇగో, చూడు. నిలువు పదకొండు. ఏ రాజు రథాన్ని ఎవడు తోలిండని అడిగిండు. మా సూపరింటెండెంటుకే రాదిది. చర్చికి పోయేటోళ్లం, మన ఇండ్లల్ల ఈ పేర్లు ఎన్నడన్న ఎత్తినమా? నీకెట్ల తెలుస్తది?"

"తెలుసు."

"ఏడో తరగతి దానివి."

"ఏడో తరగతి దాన్నే. నేనే రాసిన."

"అబద్ధాలాడకు. ఈ అక్షరాలు చూసినవా? ఒక్కోటి గుండ్రాయి లెక్క కూసున్నది. ఇది ఆడిదాని రాతనా? ఏ గిన్నె తోమే చెయ్యన్న గిట్ల రాస్తదా?"

అక్కడ నవ్వు ఆగిపోయింది. నవ్వు ఆగిన చోట ఆయన ముఖంలో ఇంకేదో మొదలైంది. అది ఎటు పోతుందో గ్రేసుకు వెంటనే అర్థం కాలేదు. చపాతీ ముద్దలు చేసింది, ఒత్తింది, కాల్చింది, పెట్టింది. తింటున్నంతసేపూ ఆయన ఆ నూనె పేపరును కంచం పక్కనే పెట్టుకున్నాడు. తిన్నాక మడిచి చొక్కా జేబులో దాచుకున్నాడు. మొగుడు తనకు సంబంధించిన వస్తువునొకదాన్ని గుండె మీద పెట్టుకుని తిరగడం గ్రేసు చూడటం అదే మొదలు. అదీ ఇందుకు.

ఆ ఇంట్లో పేపరుకు ఒక దర్జా ఉంది. తెల్లారి పేపరు పడగానే దాని మడత విప్పే హక్కు ఇంటాయనదే. పెళ్లయిన కొత్తలో ఒకనాడు తెలియక గ్రేసు ముందు విప్పి చూస్తే, "నలిగిన పేపరు చేతికిస్తే ఎంగిలన్నం పెట్టినట్టుంటది. అయినా పేపరు చదివి నువ్వేం రాజ్యాలేలాలె? పాలు పొంగుతున్నయ్ చూడు" అన్నాడు. పాలు పొంగలేదు. అయినా ఆమె పోయి చూసింది. అప్పటి నుంచి పేపరు ఆయన చేతి నుంచి బసవపున్నయ్య చేతికి, ఆ చేతి నుంచి ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగి ఇంటికి. ఖమ్మం ఎండంటే తెలుసు కదా, కాకులు కూడా ఎగరడం మానేసి గోడ నీడన నడుచుకుంటూ పోతాయి. ఆ వేళకు గ్రేసు పని ఒక దరికి వస్తుంది. బోరింగు నుంచి నీళ్లు మోయడం, గిన్నెలు, బట్టలు, అత్తగారి మోకాళ్లకు నూనె, మధ్యలో గ్యాసతను, పాలతను, పచ్చిమిరపకాయల ఆమె, మళ్లీ గిన్నెలు. గర్భసంచి తీయించుకోవడానికి దవాఖానాకు పోయే ముందురోజు కూడా ఆమె కూర్చోలేదు. ఏ డబ్బాలో ఏముందో మొగుడికి తెలియదు కదా, ఈ నాలుగు రోజులూ ఎట్లా అని, తెల్ల ప్లాస్టరు ముక్కలు అంటించి డబ్బా డబ్బాకూ పేరు పెట్టి మరీ పోయింది. అయినా ఆయన గడప దాటనే లేదు. టేకులపల్లి నుంచి ఆడబిడ్డ వచ్చి వండిపెట్టింది. "మా చెల్లె చేతి పప్పు తిని ఎన్నేండ్లయిందో" అని ఆయన దవాఖానా మంచం పక్కన కూర్చుని చెప్పాడు, పలకరింపుగా.

అన్ని పనులూ అయ్యాక పెరటి గుమ్మం దగ్గర చల్లటి బండ మీద కాళ్లు చాపుకుని, కూతురు వదిలేసిన పెన్నుతో గ్రేసు పజిల్ ముందు కూర్చునేది. రోజు మొత్తంలో ఆమెను ఎవరైనా ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఓపిగ్గా ఎదురు చూసేది అక్కడొక్కచోటే. కూరలో ఉప్పెందుకు తగ్గింది, చొక్కా గుండీ ఎందుకు ఊడింది, ఇవి కాదు. ఎడారి ఓడ ఏది, కోపానికి ఇంకో పేరేది, ఏ రాణి కొడుకు ఏ యుద్ధంలో పడిపోయాడు, ఇవీ ప్రశ్నలు. అడిగినవాడు ఎవడో ఎక్కడో హైదరాబాదులో కూర్చుని, "నీకు తెలుసు, ఆలోచించు" అంటున్నట్టుండేది. తెలుసు. తెలియకపోతే రేపు జవాబులు వేస్తాడు. మనిషిని ఎంత మర్యాదగా చూసినట్టు!

ఇక ఆ రాజుల పేర్లంటారా, గ్రేసు పుట్టింది పర్ణశాల పక్కన, గోదారి ఒడ్డున. తండ్రి సంసోను పడవల మీద పేర్లు రాసేవాడు, కొబ్బరికాయల దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఆయన రాసిన పడవ పేరు అవతలి ఒడ్డు నుంచి చదువుకోవచ్చునని పేరు. నీళ్లలోని మొసళ్లు కూడా చదివి పక్కకు తప్పుకునేవట. మొసళ్లకు బడి ఎవరు పెట్టారని మాత్రం నన్నడక్కండి. సంసోను గీత గీస్తే కూతురు రంగు నింపేది. చిన్నతనమంతా ఆమె చేసిన పని అదే, పెద్ద పెద్ద అక్షరాల కడుపులు నింపడం. చెయ్యి నొప్పి పుట్టినప్పుడు యాత్రికుల గుంపు వెనకాల పోయి గైడ్లు చెప్పే కథలు వినేది. గంధం బొమ్మలు అమ్మే దుకాణాల వెనక పెరిగిన పిల్లకు ఏ రాజుకు ఎందరు రాణులో, ఎవరి రథం ఎవరు తోలారో ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. ఒకటి మాత్రం ఆమెకు అప్పుడే తమాషాగా తోచేది. దాటకూడని గీత ఇదేనంటూ ఒక గైడు ఒకచోట చూపిస్తాడు, ఇంకో గైడు వాగు పక్కన చూపిస్తాడు, మూడోవాడు తన బావ దుకాణం ముందు చూపిస్తాడు. ఎవడు ఎక్కడ నిలబడితే గీత అక్కడ.

ఇదంతా ఆమె మొగుడికి ఏనాడో చెప్పింది. ఆయన వినలేదు. ఇప్పుడు మళ్లీ చెబితే, "గైడ్లా? ఏ గైడు?" అన్నాడు.

మరునాడు పొద్దున్న పేపరు బసవపున్నయ్యకు పంపించడానికి షాలేమ్‌రాజు ఎవరినీ పిలవలేదు. తానే పట్టుకుని పోయాడు. గ్రేసు గిన్నెలు తోముతూ గోడ మీదుగా విన్నది.

"పెదనాయనా, నీ బీపీ గోలీ పేరేందో ఈ కాయితం మీద రాసియ్యి. మా అమ్మకు అడుగుదాం డాక్టర్ని."

"మీ అమ్మకు బీపీ లేదు గదరా?"

"వస్తదేమో."

"వచ్చినాక రాస్తలే."

"ఇప్పుడే రాయి పెదనాయనా!"

బసవపున్నయ్య వణికే చేత్తో రాసిచ్చాడు. ఆ అక్షరాలు చక్కెర గింజ చుట్టూ చీమలు ముసిరినట్టున్నాయి. షాలేమ్‌రాజు జేబులోని నూనె పేపరు తీసి, పక్కన పెట్టి చూసుకుంటూ ఇంటికొచ్చాడు. డెబ్బై దాటిన ముసలాయన తప్పించుకున్నందుకు ఆయన సంతోషించినట్టు లేదు, దిగులుపడ్డట్టున్నాడు. బసవపున్నయ్య అయితే పని సులువయ్యేది. ఇప్పుడు ఊరంతా వెతకాలి.

వెతికాడు కూడా. అనుమానం వచ్చిన మగాడికి వచ్చేంత తెలివి పరీక్షకు కూర్చున్న పిల్లలకు కూడా రాదు. మా వీధికి నల్లా కావాలంటూ పంచాయతీకి అర్జీ అని ఒకటి బయలుదేరదీశాడు. ఇంటింటికీ తిరిగాడు. మిలిటరీలో చేసొచ్చిన దేవ్లా, ఆటో నడిపే భీమ్లా, వీధి చివర టైలరు, కిరాయికుండే కాలేజీ లెక్చరరు, ఒక్కరినీ వదలలేదు.

"సంతకం చాలదా అన్నా?" అన్నాడు భీమ్లా.

"చాలదు. సొంత చేత్తోని రెండు లైన్లు రాయాలె. నీళ్ల కష్టం నీ రాతల కనపడాలె."

"నాకు నీళ్ల కష్టమేముంది? మా ఆమె మోస్తది."

"అయితే అదే రాయి."

బసవపున్నయ్య భార్య యశోద బిందె చంకన పెట్టుకుని ఆగింది. "మోసేది మేమైతిమి, మేం రాయొద్దా రాజూ?"

"ఆడోళ్ల రాతతోని పని లేదు పెద్దమ్మా. ఇంటికో మగాయన చాలు."

ఈ మాట గ్రేసు విన్నది. వీధి మొత్తం మగవాళ్లు తన ఇంటి అరుగు మీద కూర్చుని తల వంచుకుని రాస్తుంటే, వాళ్లకు మంచినీళ్లు తెచ్చిచ్చింది కూడా ఆమే. గ్లాసు అందుకునేటప్పుడు ఎవడి చూపు ఎటు పోతుందోనని మొగుడు కళ్లు చిట్లించి చూస్తున్నాడని ఆమెకు తెలుసు. ఆ చూపు కింద గ్లాసు కూడా బరువెక్కింది. తమాషా ఏమిటంటే, ఆ అర్జీకి కొన్నాళ్లకు నిజంగానే నల్లా వచ్చింది. పెళ్లాం మీద అనుమానంతో వీధికి నీళ్లు తెప్పించిన మహానుభావుడు జిల్లాలో ఈయన ఒక్కడే అయ్యుంటాడు. కానీ ఆయన వెతికిన రాత మాత్రం ఆ అర్జీలో ఎక్కడా దొరకలేదు.

దొరకకపోయేసరికి అనుమానం తగ్గలేదు, ఊరి పొలిమేర దాటింది. ఈ వీధివాడు కాకపోతే బయటివాడన్నమాట. మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. "ఎవరన్న వచ్చిండ్రా?" అని తల్లిని అడిగేవాడు. జోజమ్మ తన మంచాన్ని వాకిలికి అడ్డంగా వేయించుకుంది. పాలతను వస్తే క్యాను మూత తీయించి చూసేది, అందులో మనిషెవడైనా కూర్చున్నాడేమోనని.

"అవ్ పిల్లా, పాలు పోయడానికి మీసాలెందుకే దువ్వుకొని వస్తడు వాడు?" అంది ఒకరోజు.

"నాకేం తెలుసు అత్తమ్మా? వాని మీసాలు."

"తెల్వదంటవ్. నీకు తెల్వందేముంది? రాజుల పేర్లే తెలుసునంట గద."

ఆ మాటకు గ్రేసు నవ్వబోయి ఆగిపోయింది. నవ్వితే ఏమనుకుంటారోనని. అట్లా ఆగిపోవడం చూసి ఆమెకే భయం వేసింది. ఇన్నాళ్లూ పెన్ను కిటికీలో పడుండేది. ఇప్పుడు బియ్యం డబ్బాలో దాస్తోంది. పేపరు మడత ఎట్లా ఉంటే అట్లాగే మళ్లీ మడుస్తోంది. ఎందుకు దాస్తున్నాను? తప్పు చేయనిదాన్ని తప్పు చేసినదానిలాగా ఎందుకు నడుస్తున్నాను? ఈ ఇంట్లో నేను ఉప్పు దాచలేదు, పప్పు దాచలేదు, చివరికి కడుపునొప్పి కూడా దాచలేదు. దాచినా ఎవరూ వెతకలేదు కనుక దాచవలసిన పనే పడలేదు. ఇప్పుడు పొద్దున్న లేచింది మొదలు ఒక మనిషి తనను చూస్తున్నాడు. జడ ఎట్లా వేసుకుంది, ఏ చీర కట్టుకుంది, ఎందుకు నిట్టూర్చింది. ఇరవయ్యేళ్లు కాపురం చేసి, ఆమె చీర రంగు ఆయన కంటపడింది ఇప్పుడేనని తలచుకుంటే నవ్వూ వచ్చింది, ఒంటి మీద బురద చల్లినట్టూ ఉంది. ఒక్కోసారి ఇంకా వింత ఆలోచన వచ్చేది. ఈయన వెతుకుతున్న ఆ మగాడెవడో నిజంగా ఉంటే బాగుండునని కాదు, ఆ మగాడి గురించి ఈయన ఎంత గొప్పగా ఊహించుకుంటున్నాడోనని. తెలివిగలవాడు, చదువుకున్నవాడు, అక్షరాలు గుండ్రాళ్లలాగా రాసేవాడు. ఆ గొప్పలన్నీ తనవే. తనవని మాత్రం ఒప్పుకోడు.

పోనీలే, ఈ గొడవంతా దేనికని కొన్నాళ్లు పజిల్ ముట్టడం మానేసింది. ఖాళీ గళ్లతో పేపరు అట్లాగే పడుండేది. ఒక సాయంత్రం షాలేమ్‌రాజు ఆ ఖాళీ గళ్లను చూసి తల పంకించాడు.

"ఆగింది చూసినవా? వాడు హుషారైండు. నువ్వే చెప్పినవు గదా జాగ్రత్తపడమని?"

రాస్తే ఒకడు ఉన్నట్టు. రాయకపోతే వాడు జాగ్రత్తపడ్డట్టు. ఆ మరునాడే గ్రేసు పెన్ను బియ్యం డబ్బాలోంచి తీసింది. పజిల్ మొత్తం నింపింది, ఇంకా పెద్ద అక్షరాలతో.

అప్పుడు చెప్పింది జోజమ్మ కొడుక్కి ఉపాయం. "ఇంత తిరుగుడెందుకురా? నేనే రాసిన, నేనే రాసిన అంటున్నది గద. చర్చి అయ్యగారిని పిలిచి, ఆయన ముందట రాపిచ్చి చూడు. తేలిపోతది."

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ఇంటికి వచ్చాడు. వంద కుటుంబాల సంగతులు కడుపులో పెట్టుకుని తిరిగే పెద్దమనిషి. షాలేమ్‌రాజు ముందు గదిలో స్టూలు వేశాడు. స్టూలు మీద తెల్లకాగితం, కాగితం మీద కొత్త పెన్ను, పక్కన నూనె ఎండిపోయి అట్టలాగా బిగుసుకుపోయిన ఆ పజిల్ ముక్క. కోర్టులో వేలిముద్రలు తీసుకునే ఏర్పాటు కూడా ఇంత పద్ధతిగా ఉండదు.

"వందనాలు అయ్యగారూ" అంది గ్రేసు, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

"వందనాలమ్మా, కూర్చో."

కూర్చోవడానికి ఆ గదిలో ఆమెకు కుర్చీ లేదు. నిలబడింది. అప్పుడే వాకిట్లో దగ్గు వినపడింది. బసవపున్నయ్య ఆనాటి పేపరు తిరిగివ్వడానికి వచ్చి, లోపలి వాతావరణం చూసి చెప్పులు విప్పాలో వద్దో తెలియక అక్కడే ఆగిపోయాడు.

"రా పెదనాయనా, నువ్వూ ఉండు. సాక్షి కావాలె" అన్నాడు షాలేమ్‌రాజు. భార్య వైపు తిరిగాడు. "ఇగో పెన్ను, ఇగో కాయితం. నువ్వే రాసినవంటున్నవు గద. అయ్యగారి ముందర రాయి. నీ రాత, ఆ రాత ఒక్కటైతే నేను నోరు మూసుకుంట. కాకపోతే నువ్వు నోరు తెరవాలె. ఎవడో చెప్పాలె."

అయ్యగారు నూనె ముక్కను ఒకసారి, ఆమెను ఒకసారి చూశాడు. "తప్పుగా అనుకోకమ్మా. ఒక్క మాట రాస్తే అయిపోతది. ఇంట్ల శాంతి, సమాధానం ఉంటది. మనకు కావల్సింది అదే గదా?"

ఒక్క మాటే. గ్రేసుకు అది తెలుసు. పెన్ను తీసుకుని నాలుగు అక్షరాలు రాస్తే చాలు, ఈ గదిలో ఉన్న అందరి ముఖాలూ మారిపోతాయి. అయ్యగారు ప్రార్థన చేస్తాడు. అత్తమ్మ మంచం వాకిట్లోంచి లోపలికి వస్తుంది. మొగుడు రెండు రోజులు ముభావంగా ఉండి మూడో రోజు మళ్లీ గడప అవతల నిలబడి చెయ్యి చాస్తాడు. వేళ్లు పెన్ను వైపు పోయాయి కూడా. అంత సులువు. ఆ సులువే ఆమెను ఆపింది. ఈ రోజు రాత చూపించి బయటపడితే, రేపు ఇంకో స్టూలు వేస్తారు. ఇంకో కాగితం. నవ్వితే ఎందుకు నవ్వావో చూపించు, ఏడిస్తే ఎవరి కోసమో చూపించు. తన నోటితో చెప్పింది మాట కాదన్నమాట, ఆయన కళ్లు ఒప్పుకున్నాకే అది మాటవుతుందన్నమాట. తండ్రి పడవ మీద పేరు రాస్తే ఎవరైనా అడిగారా, ఇది నీ చెయ్యేనా, మళ్లీ రాసి చూపించమని? ఎవడు ఎక్కడ నిలబడితే గీత అక్కడ. ఇవాళ ఈ గీత ఈ స్టూలు చుట్టూ గీశారు, అంతే.

"రాయను" అంది.

"ఏంది?"

"రాయను. నేనే రాసిన అని మొదటి దినమే చెప్పిన. చెప్పింది చాలనోళ్లకు రాసింది చాలుతదా?"

"చూసిండ్రా అయ్యగారూ!" జోజమ్మ మంచం పట్టె మీద చరిచింది. "దొరికింది! రాదు కాబట్టే రాయనంటున్నది."

అయ్యగారు తల దించుకున్నాడు. బసవపున్నయ్య పేపరు రెండు చేతుల్లో నలుపుతున్నాడు. షాలేమ్‌రాజు ముఖం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. అరవబోయాడు. అయ్యగారు ఉన్నారని గుర్తొచ్చి అరుపు మింగేశాడు. అది మింగాక ఆయనకు ఇంకేం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు ఇరవయ్యేళ్లుగా ఏమంటాడో అదే అన్నాడు.

"సరే, దీని సంగతి తర్వాత చూస్త. ముందు పోయి టీ పెట్టు. అయ్యగారు ఎంతసేపటి సంది కూసున్నరు?"

గ్రేసు కదిలింది. అలవాటైన కాళ్లు, ఎటు పోవాలో వాటికి తెలుసు. వంటింటి వైపు రెండడుగులు వేశాయి కూడా. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, స్టూలు మీది కొత్త పెన్ను తీసుకుంది. వాకిట్లోకి పోయి, బసవపున్నయ్య చేతిలోంచి పేపరు తీసుకుంది.

"ఇటియ్యి పెదనాయనా. నలిగిన పేపరైనా నాకు పర్వాలేదు."

"ఏయ్, ఎక్కడికి?" అన్నాడు షాలేమ్‌రాజు.

"ఇక్కడికే. మెట్ల మీద కూసుంట. టీ మీరే పెట్టుండ్రి." గుమ్మంలోంచే చెప్పింది, గొంతు పెంచకుండా. "చక్కెర ఎక్కడ, టీపొడి ఎక్కడ అని నన్ను పిలవకండ్రి. ఏ డబ్బాల ఏముందో మీకోసమే పేర్లు రాసి పెట్టిన. ఎప్పుడో రాసిన."

మెట్ల మీద ఎండ అప్పుడే గోడ మీదికి జరిగి, కొంచెం నీడ మిగిలింది. గ్రేసు కాళ్లు చాపుకుని పేపరు ఒళ్లో పరుచుకుంది. పైమూల ఎర్రసిరాలో "షా.రా." ఉంది. దాని పక్కన తన పేరు రాసుకుంది. పొట్టి అక్షరాలు కాదు, గుండ్రంగా, కడుపు నిండా. తర్వాత అడ్డం ఒకటి చూసింది. తెలిసినదే.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. షాలేమ్‌రాజు చెప్పులు టపటపమంటూ నడిచి వంటింటి దాకా పోయి ఆగాయి. కాసేపు అక్కడే ఆగాయి. తర్వాత అవతలి నేల మీద, ఇన్నేళ్లూ ఆ చెప్పులు తొక్కని బండల మీద చప్పుడైంది. లైటు స్విచ్చు వెతుక్కున్నట్టున్నాడు. వేశాడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. గిన్నె తీసిన చప్పుడు లేదు, మూత తెరిచిన చప్పుడు లేదు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు లేదు. వంటింట్లో నిలువెల్లా అరలు, అర నిండా డబ్బాలు, డబ్బా డబ్బాకూ ఒక పేరు. ఒక మనిషి అవన్నీ చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిశ్శబ్దంగా ఉంది.

"ఏందిరా, చక్కెర దొరకలేదా?" అని జోజమ్మ అడిగింది.

అడ్డం నాలుగు, నిలువు ఏడు అయిపోయాయి. లోపలి నుంచి చెప్పుల చప్పుడు వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. ఆమె తలెత్తలేదు గానీ, కంటి చివర చక్కెర డబ్బా కనిపించింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఒక చేతి వేళ్ల మధ్య ఆ నూనె కాగితం ముక్క.

"గ్రేసూ" అన్నాడు.

ఆ పేరుతో ఆయన పిలిచి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు లేదు. పలకాలనే అనిపించింది. నిలువు పదమూడు మాత్రం ఇంకా ఖాళీగా ఉంది.

"ఉండుండ్రి" అంది. "నా పని కానియ్యుండ్రి."